పెద్దల ఆస్తి – పెద్దల పోషణ

(వనస్థలిపురములో సమావేశమైన గ్రామ పంచాయతీ సభ్యుల ఎదుట చేసిన ప్రసంగ పాఠము)



మీలో విజయవాడ బాట వెంట వచ్చినవారికి త్రోవలో హరిణవనస్థలి చెట్లు కనిపించియుండును. అది ఒకప్పుడు నిజాము ప్రభువులు వేటాడిన అడవి. మహావీరుని నిర్వాణమునకు 2,500 ఏండ్లు నిండిన సందర్భమున, 1975లో, దానికి ఆ మహనీయుని పేరు పెట్టి కృష్ణజింకలకు ఆశ్రయముగా చేసినారు. అడవి నిలిచినది. దాని చుట్టునున్న సేద్యపు భూములు మాత్రము నిలువలేదు. హయత్‌నగర్, సాహెబ్‌నగర్, మన్సూరాబాద్ అను పేర్లు నేడు కాలనీల పేర్లుగా వినబడుచున్నను అవి ఒకనాడు నాగళ్లు తిరిగిన ఊళ్లు. ఇండ్లు లేచినవి, బజారులు వచ్చినవి, ఎల్.బి.నగర్ పురపాలక సంఘము ఏర్పడినది. 2007లో అదియు హైదరాబాదు మహానగర పాలక సంస్థలో కలిసిపోయినది. ఎకరములలో లెక్కించిన నేలను గజములలో లెక్కించు కాలము ఒక మనుష్యుని జీవితములోనే వచ్చినది.

ఈ సంగతి ఎందుకు చెప్పుచున్నామనగా, నేలకు ధర వచ్చునాటికి ఆ నేలను దున్నిన రైతు అనేక కుటుంబములలో ఇంకను బ్రతికియే యుండెను. ధర ముందు వచ్చినది. ముసలితనమున తానును తన భార్యయు ఎట్లు బ్రతుకవలెనను ఏర్పాటు వెనుకబడినది. ఇప్పుడు అదే ధర అబ్దుల్లాపూర్‌మెట్టు వైపునకును ఇబ్రహీంపట్నము వైపునకును నడిచి మీ ఊళ్ల పొలిమేరలకు చేరుచున్నది. కావున ధర కంటె ముందుగా చేరవలసిన కొన్ని మాటలను మీ చెవిని వేయుటకు వచ్చితిమి.

ముసలివారి సంగతి మన పల్లెలలో ఎట్లు తేలునో మీకు తెలియనిది కాదు. అన్నదమ్ములు వేరుపడునాడు పెద్దమనుషులు కూర్చుందురు. ఆ పెద్దమనుషులలో వార్డు సభ్యుడు తప్పక ఉండును. సర్పంచి ఉండుటయు కలదు. కాగితము తెచ్చి వ్రాయుట మొదలగును. తూర్పు చెలక పెద్దవానికి, బావి క్రింది మడి చిన్నవానికి, బోరు నీరు దినము విడిచి దినము, పాడిగేదె ఎవరికి, దాని దూడ ఎవరికి, ట్రాక్టరు అప్పు ఎవరు తీర్చవలెను, దొడ్డిలోని వేపచెట్టు ఎవరి హద్దులోనిది – ఇవన్నియు ఒక్కటియు విడువక వ్రాయుదురు. మూడు పుటలు నిండును. చిట్టచివర, సంతకములకు పైన మిగిలిన జాగాలో, ఒక్క పంక్తి వ్రాయుదురు: తల్లిదండ్రులు నెలకొకరి ఇంట వంతున ఉండవలెను. కొన్నిటిలో ఆ పంక్తియు కనబడదు.

ఆ ఒక్క పంక్తిలో ఏమున్నది? జ్వరము వచ్చిన నెలలో ఆసుపత్రి ఖర్చు ఎవరిది? కంటి శస్త్రచికిత్స చేయించవలసినది ఎవరు? ఒక కొడుకు పట్టణమునకు కాపురము మార్చినచో వంతు ఎచ్చట జరుగును? ముప్పదియొకటవ దినము ఎవరి వంతు అని కలహించిన ఇండ్లు మన గ్రామములలో ఉన్నవి. ఇది హాస్యమునకు చెప్పు మాట కాదు. తండ్రిని ఒకరికి, తల్లిని ఒకరికి పంచిన ఇండ్లును ఉన్నవి. ఏబదియేండ్లు ఒక్క కప్పు క్రింద కాపురము చేసినవారు ఒకే వీథిలో రెండిండ్ల అరుగుల మీద వేరువేరుగా కూర్చుందురు. వంతుల పద్ధతిని మేము తప్పుపట్టుట లేదు. అన్నదమ్ములు మంచివారైనచో అది చక్కగనే జరుగును. అన్నదమ్ములు మంచివారైనచో అసలు కాగితమే అక్కరలేదు గదా! కాగితము వ్రాయునది చెడ్డ దినము కొరకు. దూడ విషయమున చెడ్డ దినమును ఊహించినవారు తల్లి విషయమున ఊహింపలేదు.

మరియొక లోపము కలదు. స్థిరాస్తిని పంచు పత్రము తగిన స్టాంపు మీద వ్రాయబడి రిజిస్టరు కావలెను. లేనిచో రేపు న్యాయస్థానములో ఆ పత్రమును చూపి ఇది నా వాటా అని ఋజువు చేయుట సాధ్యపడదు. తెల్ల కాగితముల మీది సాదాబైనామాలతో మన రైతులు పడిన పాట్లు మీ ఎరుకలోనివే.

ఇక వాటాల లెక్క చూతము. ఒక హిందూ రైతు తన కష్టార్జితముతో నాలుగు ఎకరములు కొన్నాడనుకొందము. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారు. వీలునామా వ్రాయకయే ఆయన మరణించినాడు. ఆ భూమి ఎవరిది? మన ఊళ్లలో వచ్చు జవాబు – కొడుకులిద్దరికి చెరి రెండెకరములు. 1956 జూన్ 17వ తేదీన అమలులోనికి వచ్చిన హిందూ వారసత్వ చట్టము చెప్పు జవాబు వేరు. భార్యకు ఒక ఎకరము, కూతురికి ఒక ఎకరము, కొడుకులకు తలకొక ఎకరము. మరణించినవాని తల్లి సజీవురాలైనచో ఆమెకును సమభాగము కలదు. అప్పుడు భాగములు ఐదు. అనగా, అమ్మను మేము పోషించుచున్నామని చెప్పుకొను కొడుకులు అమ్మ ఎకరమును దున్నుకొని, అందులో పండిన దానిలో కొంత ఆమెకు పెట్టుచున్నారన్నమాట.

పిత్రార్జితమైన ఉమ్మడి ఆస్తిలోను కూతురి స్థితి నేడు కొడుకుతో సమానము. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము 1986 నాటి సవరణతో అవివాహితలైన కుమార్తెలకు ఈ హక్కునిచ్చినది. 2005 సెప్టెంబరు 9 నుండి దేశమంతటను వివాహితలకు కూడ లభించినది. 2005 నాటికి తండ్రి జీవించియుండవలెనను నియమము లేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో తేల్చినది. పసుపుకుంకుమల క్రింద ఇచ్చితిమి గదా అని కొందరందురు. పెండ్లినాడు ఇచ్చినది ఆ వాటాను తుడిచివేయదు. చిత్రమేమనగా, వాటాలనాడు కూతురు పరాయిదనిన నోరే పోషణనాడు కూతురికి బాధ్యత లేదా అని అడుగును! బాధ్యత ఉన్న మాట నిజమే; చట్టములో తల్లిదండ్రుల పోషణ కొడుకులకును కూతుండ్రకును సమానముగా చెప్పబడినది. కాని రెండవదానిని అడుగువారు మొదటిదానిని ఒప్పుకొని అడుగవలెను.

ఒక మెలిక మీరు గుర్తుంచుకొనదగినది. తల్లిదండ్రులు బ్రతికియుండగా కొడుకు వీలునామా లేక మరణించినచో వాని ఆస్తిలో వాని భార్యాబిడ్డలతో పాటు తల్లికి భాగము వచ్చును. తండ్రి మొదటి తరగతి వారసుడు కాడు, ఆయనకు రాదు. కొడుకు పేర ఆస్తి అంతయు ముందే మార్చిన తండ్రి, ఆ కొడుకు అకాల మరణము పాలైనచో, తన భూమిలో తానే పరాయివాడగును. ముస్లిము కుటుంబములలో వారసత్వము వారి ధర్మశాస్త్రమును బట్టి నడుచును. వీలునామా ద్వారా మూడవవంతుకు మించి ఇచ్చుటకు, వారసులలో ఒకరికి ప్రత్యేకముగా ఇచ్చుటకు, తక్కిన వారసుల సమ్మతి కావలయును.

స్త్రీల పోషణకు వ్రాసిన పత్రములు ఎంత దూరము పోవునో తెలుపుటకు మన తెలుగుదేశపు దావా నొకదానిని చెప్పెదము. నెల్లూరు ప్రాంతమున ఒక స్త్రీ భర్త 1931లో ఉమ్మడి కుటుంబములో నుండగనే మరణించెను. ఆస్తి భర్త సవతి సోదరుని చేతిలో ఉండెను. పోషణ కొరకు ఆమె 1944లో దావా వేసినది. 1946లో డిక్రీ పొందినది. 1949లో రాజీ కుదిరి ఆమెకు కొంత ఆస్తి ఇచ్చిరి. కాని జీవించినంత కాలము అనుభవించుటయే గాని అమ్ముటకు అధికారము లేదని వ్రాసిరి. 1956 చట్టము వచ్చిన పిదప, 1960లో కొంత లీజుకిచ్చి, 1961లో కొంత అమ్మినది. నీకు ఆ హక్కు లేదని ఎదిరి పక్షము న్యాయస్థానమునకు ఎక్కెను. చివరకు 1977లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది: ఆ ఆస్తి ఆమెకు దయతో ఇచ్చినది కాదు, భార్యగా ఆమెకు అంతకుముందే ఉన్న పోషణ హక్కుకు బదులుగా ఇచ్చినది; కావున రాజీ పత్రములో ఏమి వ్రాసియున్నను 1956 చట్టము ఆమెను సంపూర్ణ హక్కుదారును చేసినది. దేశములోని న్యాయస్థానములు నేటికిని ఆ తీర్పును ఉదాహరించుచున్నవి. మొదటి దావా నాటి నుండి లెక్కించిన 33 సంవత్సరములు. హక్కు ఉన్నదని తెలిసికొనుటకు అంత కాలము నిలువగల ముసలివారెందరు?

ఇప్పుడు నేటి కాలపు ఇద్దరు తల్లుల సంగతి. మేము ఇంత దూరము వచ్చినది ముఖ్యముగా దీని కొరకే.

2007లో పార్లమెంటు తల్లిదండ్రుల మరియు వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టమును చేసినది. 60 ఏండ్లు నిండినవారు వృద్ధులు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము దానికి 2011లో నియమావళిని ఏర్పరచినది. ఆ చట్టములో 23వ సెక్షను ఒకటి కలదు. చట్టము అమలులోనికి వచ్చిన పిదప ఒక వృద్ధుడు, తనకు కనీస అవసరములు సమకూర్చవలెనను షరతు మీద ఆస్తిని దానముగనో మరొక విధముగనో ఇచ్చి, పుచ్చుకొన్నవాడు ఆ షరతును నిలుపుకొనకపోయినచో, ఆ బదిలీ మోసముతో జరిగినదానిగా భావింపబడి, వృద్ధుని కోరికపై రద్దు కావచ్చును. ఇది చాల గొప్ప రక్షణ. ఏలయనగా సామాన్య చట్టము ప్రకారము, రిజిస్టరు చేసి ఇచ్చి, పుచ్చుకొన్నవాడు స్వీకరించిన దానమును దాత తన ఇష్టము వచ్చినప్పుడు వెనుకకు తీసికొనలేడు.

హర్యానాలో ఒక తల్లి తన భూమిలోని హక్కును కూతుండ్ర పేర విడుదల పత్రము ద్వారా వదలుకొన్నది. తరువాత వారు తనను చూచుట లేదని ట్రిబ్యునల్‌కు పోయినది. క్రింద గెలిచినది. 2022 డిసెంబరులో సుప్రీంకోర్టులో ఓడినది. కారణము? పోషించవలెనను షరతు మీద ఇచ్చినట్లు ఆమె పక్షమున చెప్పినదియు లేదు, ఋజువు చేసినదియు లేదు. ప్రేమాభిమానములతో బిడ్డలకిచ్చిన ప్రతి ఆస్తి వెనుకను పోషణ షరతు ఉన్నదని ఊహింపజాలమని న్యాయమూర్తులు చెప్పిరి.

మధ్యప్రదేశ్‌లో మరియొక తల్లి 2019లో తన కొడుకునకు ఇంటిని దానమిచ్చినది. ఆ పత్రములో కొడుకు తల్లిని చూచుకొనుచున్నాడను మాట ఉన్నది. అదియును గాక, తల్లిదండ్రులను కడవరకు పోషింతుననియు, తప్పినచో దానము వెనుకకు తీసికొనవచ్చుననియు కొడుకు వ్రాసియిచ్చిన వాగ్దాన పత్రమొకటి ఆమె చూపినది. కొడుకు అది నిజము కాదన్నాడు. సబ్ డివిజనల్ అధికారి వద్ద ఆమె గెలిచినది, కలెక్టరు వద్ద గెలిచినది, హైకోర్టులో ఒక న్యాయమూర్తి ఎదుట గెలిచి, ఇద్దరు న్యాయమూర్తుల ఎదుట ఓడినది. 2025 జనవరి 2వ తేదీన సుప్రీంకోర్టు ఆమె పక్షమున తీర్పునిచ్చి, దానపత్రమును కొట్టివేసి, ఇంటిని ఆమెకు అప్పగింపుమన్నది. ఈ చట్టము వృద్ధుల మేలు కొరకు చేసినది గనుక ఉదారముగా చదువవలెననియు, అవసరమైనచో ఖాళీ చేయించు ఉత్తర్వును కూడ ట్రిబ్యునల్ ఇయ్యవచ్చుననియు చెప్పినది.

ఇద్దరును తల్లులే. ఇద్దరి దుఃఖమును ఒక్కటే. ఒకరి చేతిలో వ్రాత ఉన్నది, ఒకరి చేతిలో లేదు.

కావున మీ ఊరిలో ఎవరైనను కొడుకుకో కూతురికో మనుమనికో ఆస్తి వ్రాసి ఇయ్యబోవుచున్నారని తెలిసినచో, మొదట అడుగవలసినది – ఇప్పుడే ఇయ్యవలెనా? అక్కరలేనిచో ఇయ్యవద్దని చెప్పుడు. తప్పనిసరియైనచో పత్రములోనే ఈ విధముగా వ్రాయింపుడు: "తల్లిదండ్రులమైన మాకు ఇరువురకును, మాలో ఒకరు పోయిన పిదప రెండవవారికిని, జీవించినంత కాలము ఈ ఇంటిలోనే నివాసము, భోజనము, వస్త్రములు, వైద్యము సమకూర్చవలెనను షరతు మీదనే ఈ ఆస్తిని ఇచ్చుచున్నాము. ఈ షరతు తప్పినచో ఈ దానమును రద్దు చేయించుకొను హక్కు మాకు కలదు. మా జీవితకాలములో మా సమ్మతి లేక ఈ ఆస్తిని అమ్ముటకు గాని కుదువపెట్టుటకు గాని వీలులేదు." భాష ఇంతకంటె సొంపుగా ఉండవలసిన పని లేదు. దస్తావేజు వ్రాయువారి వద్ద అచ్చు నమూనాలుండును. వానిలో ప్రేమాభిమానముల మాట ఉండును గాని ఈ షరతు ఉండకపోవచ్చును. వ్రాయువానిని కూర్చుండబెట్టి చేర్పించవలెను. చేర్చిన పిదప చదివించి వినవలెను. దానపత్రమునకు ఇద్దరు సాక్షులు కావలయును. ఆ సాక్షులలో ఒకరు తరచుగా మీరే. షరతు లేని పత్రము మీద మీరు సాక్షి సంతకము చేయనని నిలిచినచో ఊరిలో కొంత మాట పడవలసి వచ్చును. పడుడు.

వ్యవసాయ భూమి విషయమున మరింత జాగ్రత్త అవసరము. దానిని తహసీలుదారు కార్యాలయములోనే రిజిస్టరు చేయుదురు. హక్కుల మార్పు కూడ దానితోనే జరిగిపోవును. 2020లో వచ్చిన ధరణి పద్ధతి పోయి 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చినను ఈ విషయము మారలేదు. ఉదయము పట్టాదారుగా వెళ్లిన తండ్రి సాయంకాలమునకు పట్టా లేనివాడై తిరిగి వచ్చును. పట్టాతో పాటు పెట్టుబడి సాయపు సొమ్మును, పంట రుణము తెచ్చుకొను అర్హతయు కొడుకు ఖాతాకు పోవును. ముసలివాని చేతిలో చిల్లర సొమ్మయినను మిగులదు. తెలంగాణలో వృద్ధాప్య పింఛను 2019లో 2,016 రూపాయలకు పెరిగినది. మందులకే చాలని ఆ సొమ్ము భూమికి బదులు కాజాలదు.

ఇప్పుడే ఇయ్యక, పిదప ఎవరికి చెందవలెనో ముందుగా చెప్పుటకు వీలునామా కలదు. దీనిని గూర్చి మన ఊళ్లలో అనవసరమైన భయము కలదు. వీలునామా వ్రాసినవాడు త్వరగా పోవునని నమ్మువారును కలరు! అట్లయినచో వకీళ్లు ఎవరును ముదుసలులు కాకూడదు. వీలునామాకు స్టాంపు కాగితము అక్కరలేదు; తెల్ల కాగితము చాలును. రిజిస్ట్రేషను నిర్బంధము కాదు; చేయించిన మేలు. సంతకము రానివారు వ్రేలిముద్ర వేయవచ్చును. ఇద్దరు సాక్షులు, వ్రాసినవాడు సంతకము చేయుట చూచి గాని, అది తనదేనని అతడు చెప్పగా విని గాని, అతని ఎదుట సంతకములు చేయవలెను. వ్రాసినవాడు జీవించినంత కాలము ఆస్తి అతనిదే. మనసు మారినచో ఎన్నిమారులైనను తిరిగి వ్రాయవచ్చును, కడపటిది చెల్లును. ఈ ఒక్క గుణము చాలదా? దానపత్రము వ్రాసిన మరునాటినుండి తండ్రి కొడుకు ముఖము చూచును. వీలునామా వ్రాసిన తండ్రి ముఖమును కొడుకు చూచును.

రెండు హెచ్చరికలు చేయుదుము. సాక్షులు వ్రాయువాని కంటె చిన్నవారై ఉండవలెను. ఎనుబదియేండ్ల తాతకు ఆయన ఈడువారిద్దరు సాక్షి సంతకములు చేసిన వీలునామాలు కలవు. వివాదము వచ్చునాటికి సాక్ష్యము చెప్పుటకు ఒక్కరును ఉండరు. కనీసము ఒక సాక్షి నోట న్యాయస్థానములో వీలునామా ఋజువు కావలెను. రెండవది: ఆస్తి అంతయు ఎవనికి చేరుచున్నదో వాడే దగ్గర కూర్చుండి వ్రాయించినచో న్యాయస్థానము శంకించును. అట్టివానిని ఆ దినము పొలము పనికి పంపుడు. వృద్ధుడు స్వస్థచిత్తుడని వైద్యుని చేత ఒక చీటి వ్రాయించి దగ్గర ఉంచుట మంచిది. వీలునామాలో భార్యను మరువరాదు. బిడ్డలకు సమముగా పంచి, తన వెనుక ముప్పది యేండ్లు బ్రతుకబోవు భార్యకు ఇంటిలో ఒక గది కూడ వ్రాయని భర్తలెందరో!

జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ అను పత్రమును గూర్చి ఒక్క మాట. అది ఇచ్చినవాని చేతికి బదులు పనిచేయు చేయి మాత్రమే. ఇచ్చినవాడు మరణించినను, మతి తప్పినను సాధారణముగా దాని ప్రాణము పోవును. నాన్న జి.పి.ఎ. ఇచ్చినాడు గదా అని ఆయన పోయిన పిదప భూమి అమ్మబోవు కొడుకు చెల్లని పని చేయుచున్నాడు. బ్యాంకులో నామినీ పేరు వ్రాసినంత మాత్రమున సొమ్ము అంతయు నామినీ సొంతము కాదు. అతడు పుచ్చుకొని వారసులకు చేర్చవలసినవాడు. 2025 నవంబరు నుండి బ్యాంకు ఖాతాకు నలుగురిని వరకు నామినీలుగా పెట్టుకొనవచ్చును.

ఇన్ని ఏర్పాట్లు లేకయే ముసలివారైన వారి సంగతి ఏమి? కూడు పెట్టని బిడ్డల మీద ఎచ్చట చెప్పుకొనవలెను? రెవెన్యూ డివిజనల్ అధికారి వద్ద. 2007 చట్టము క్రింది ట్రిబ్యునల్ ఆయనదే. వకీలును పెట్టుకొనుట నిర్బంధము కాదు. నడువలేని వృద్ధుడు అధికారమిచ్చినచో మరియొకరు ఆయన పక్షమున దరఖాస్తు ఇయ్యవచ్చును. ఆ మరియొకరు మీరు కావచ్చును. నోటీసు అందిన నాటినుండి 90 దినములలో విచారణ ముగియవలెను. ప్రత్యేక కారణమున్నచో మరి 30 దినములు. ఆ లోపుగా తాత్కాలిక భృతి ఇప్పించు అధికారము కూడ కలదు. చట్టము ప్రకారము నెలకు 10,000 రూపాయల వరకు విధింపవచ్చును. విధించినది చెల్లించనివానికి ఒక నెల వరకు జైలు. ఉత్తర్వు నచ్చని వృద్ధులు 60 దినములలో జిల్లా స్థాయిలో అప్పీలు చేసికొనవచ్చును. బిడ్డలు లేనివారికైనచో, వారి ఆస్తిని అనుభవించుచున్న బంధువో, రేపు దానికి వారసుడు కానున్న బంధువో పోషింపవలెను. వృద్ధులను దిక్కులేక విడిచిపెట్టుట నేరము. మూడు నెలల వరకు జైలు గాని, 5,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని కలవు.

ఈ వనస్థలిపురము వంటి చోట్ల ఉద్యోగ విరమణ చేసిన దంపతులు పెద్ద ఇండ్లలో ఇద్దరే ఉండుటయు, బిడ్డలు అమెరికాలో ఉండుటయు సామాన్యమైనది. అది ఇప్పుడు పల్లెలకును వచ్చినది. విదేశములలో నున్న బిడ్డలకును నోటీసు పంపుటకు చట్టములో మార్గము కలదు. వారిలో అనేకులు సొమ్ము పంపుచునే యున్నారు. కొరత సొమ్ముది కాదు. ఆ ఇండ్ల తలుపు వారమునకొకమారు ఎవరు తట్టవలెనని ఏ చట్టములోను వ్రాయలేదు.

మెజిస్ట్రేటు వద్ద పోషణ కోరు పాత మార్గము కూడ ఉన్నది. 2024 జూలై నుండి అది భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షనులోనిది. రెండిటిలో ఒకదానినే ఎంచుకొనవలెను. ఉచిత న్యాయ సహాయమునకు 15100 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. స్త్రీలకు ఆదాయముతో నిమిత్తము లేక ఆ సహాయము దొరకును.

చట్టము పదునైనది గనుక దానిని తప్పు చేతులలో పెట్టువారును కలరు. కొడుకు, కోడలికి పడకపోగా, కొడుకు తన తల్లిదండ్రుల చేత దరఖాస్తు వేయించి కోడలిని ఇంటినుండి వెళ్లగొట్టజూచుట జరిగినది. 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు దీనిని పరిశీలించి, వృద్ధుల చట్టము పేర కోడలికి గృహహింస చట్టము ఇచ్చిన నివాసపు హక్కును తుడిచివేయరాదని చెప్పినది. కావున దరఖాస్తు వ్రాయించుటకు ముందు మీరు ఇంటిలోనికి పోయి, కోడలి మాటయు వినవలెను. ముసలివారికి అన్నము వండి పెట్టుచున్నది ఆమెయే, నింద పడుచున్నదియు ఆమెయే అగుట మేము ఎరుగనిది కాదు.

పంచాయతీ చేతిలో నేరుగా ఉన్న పని ఒకటి కలదు. మరణమును 21 దినములలో గ్రామములో నమోదు చేయింపవలెను. తండ్రి పోయిన దుఃఖములో దానిని విడిచి, రెండేండ్లకు భూమి మార్పు కొరకు తిరుగువారెందరో. ఆ నమోదు లేనిదే తహసీలుదారు ఇచ్చు కుటుంబ సభ్యుల ధ్రువపత్రము కదలదు. అది లేనిదే తల్లి పేర పట్టా కదలదు. పంచాయతీ కార్యదర్శి మరణమును వ్రాసికొను దినముననే విధవరాలి పేరు, కూతుండ్ర పేర్లు అడిగి కుటుంబము వారికి ఒక చీటి మీద వ్రాసి ఇచ్చినచో, తరువాత కుటుంబ సభ్యుల పట్టికలో కూతుండ్ర పేర్లు మరచిపోవుట తగ్గును. మరచిపోవుట అని మర్యాదకు అనుచున్నాము.

వృద్ధుల కొరకు 14567 అను ఉచిత సహాయ సంఖ్య ఉన్నది. ఉదయము 8 గంటల నుండి రాత్రి 8 గంటల వరకు పలుకుదురు. ఈ సంఖ్యను పింఛను కొరకు ముసలివారు కూర్చుండు చోట గోడమీద పెద్ద అంకెలతో వ్రాయింపుడు. చదువురానివారికి ఆ వార్డు సభ్యుడు చదివి చెప్పవలెను. కొడుకు ప్రక్కన లేనప్పుడు చెప్పవలెను.